పరుగెత్తే జింక – వెంట పరుగెత్తే కటకం

1900 సంవత్సరంలో హోవర్డ్ కాంప్‌బెల్ అనే ఆయన అనంతపురం ప్రాంతంలో ఒక చిన్న పక్షిని చూచినట్లు నమోదు చేశాడు. ఎదమీద రెండు అడ్డపట్టెలు గల ఆ పక్షి పగలంతా పొదలలో దాగి, రాత్రివేళ నేలమీద పరుగులు తీస్తుంది. దానిని 1848లోనే శాస్త్రలోకానికి పరిచయం చేశారు. డాక్టర్ జెర్డాన్ పేరు దానికి స్థిరపడినది. కలివి పొదల మధ్య తిరిగేది గనుక మన వాళ్ళు దానిని కలివికోడి అంటారు. కాంప్‌బెల్ తరువాత 86 సంవత్సరాలపాటు ఆ పక్షి ఉన్నదనడానికి నమ్మదగిన ఆధారమేదీ లభించలేదు. అది నశించిపోయినదనే పలువురు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో అది మళ్ళీ దొరికినప్పుడు శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు. ఆ అన్వేషణ నడిపినవాడు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్.

ఇక్కడ విద్యార్థులకు ఒక ప్రశ్న తోచవచ్చు. 1900 నాటికి కేమెరాలు ఉన్నాయి గదా, ఆ పక్షికి ఒక ఫోటో తీసి ఉంచకూడదా? నిజమే. ఆ సంవత్సరమే అమెరికాలో కొడాక్ కంపెనీ బ్రౌనీ అనే పెట్టె కేమెరాను ఒక్క డాలరు వెలకు అమ్మకానికి పెట్టినది. కాని ఆ పెట్టెలోని కటకం కదలదు. కొంత దూరం మించి ఎండలో నిలబడి ఉన్న మనుషులను అది చక్కగా చూపగలదు. పొదల నడుమ పరుగెత్తే పక్షిని పట్టడం దాని వల్ల కాదు. వేగంగా కదిలే ప్రాణిపై కటకం చూపు నిలపడం ఎట్లా అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి ఇంకొక శతాబ్దం దాదాపు పట్టినది. ఆ చరిత్రను చెప్పుకొని, దాని వెలుగులో నేటి కేమెరాలలో ఉన్న పద్ధతులలో ఏది ఎప్పుడు ఎన్నుకోవలెనో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

సమస్య ఎక్కడ ఉన్నది?

కుంభాకార కటకం గూర్చి ఉన్నత పాఠశాలలో చదివిన సూత్రమే ఇక్కడ కూడా ఆధారం. వస్తువు దూరం యొక్క విలోమాన్ని, ప్రతిబింబ దూరం యొక్క విలోమాన్ని కూడితే నాభ్యంతరం యొక్క విలోమం వస్తుంది. వస్తువు దగ్గరకు వచ్చినకొద్దీ ప్రతిబింబం కటకానికి దూరంగా జరుగుతుంది. అందువల్ల ఫిల్ము గాని, నేటి కేమెరాలోని సంవేదక ఫలకం గాని స్థిరంగా ఉన్నప్పుడు, కటకమే ముందుకు జరగవలె.

అడవి జంతువులను ఫోటో తీసేవారు సామాన్యంగా వాడే 400 మి.మీ. నాభ్యంతరం గల కటకాన్ని తీసుకుందాము. జింక 40 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ప్రతిబింబం 404.04 మి.మీ. వద్ద ఏర్పడుతుంది. అది 39 మీటర్లకు వస్తే 404.15 మి.మీ. తేడా దాదాపు 0.1 మి.మీ. మాత్రమే. జింక 20 మీటర్ల నుండి 19 మీటర్లకు వచ్చినప్పుడు తేడా 0.44 మి.మీ. 10 మీటర్ల నుండి 9 మీటర్లకు వస్తే 1.94 మి.మీ. ప్రతిసారీ జింక వేసినది ఒక మీటరు అడుగే. కటకం జరగవలసిన దూరం మాత్రం ఎన్నో రెట్లు పెరిగినది.

దీనినే వేగం లెక్కలో చూడవచ్చును. జింక గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 15 మీటర్ల వేగంతో, కేమెరా వైపుగా సూటిగా వస్తున్నదనుకుందాము. 40 మీటర్ల వద్ద కటకం సెకనుకు సుమారు 1.5 మి.మీ. వేగంతో జరిగితే చాలు. 20 మీటర్ల వద్ద 6 మి.మీ., 10 మీటర్ల వద్ద 26 మి.మీ. వేగం కావలె. దూరం సగమైతే కటకపు వేగం నాలుగు రెట్లకు కొంచెం పైగా అవుతున్నది. జింక సమవేగంతోనే పరుగెత్తుతున్నా, కటకం మాత్రం త్వరణంతో పరుగెత్తవలసి ఉన్నది. కదిలే వస్తువును ఫోటో తీయడంలోని చిక్కు అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

అదే జింక మనకు అడ్డంగా, ఒకే దూరంలో సాగిపోతే కటకం దాదాపు కదలవలసిన పనే లేదు. కేమెరాను జింకతో పాటు తిప్పితే సరిపోతుంది. చేతి ఫోనులో ఇంత బాధ ఎందుకు లేదన్న సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫోను కటకపు నాభ్యంతరం కొద్ది మిల్లీమీటర్లే. 6 మి.మీ. కటకానికి 20 మీటర్ల దూరంలోని వస్తువుకూ, అనంత దూరంలోని వస్తువుకూ మధ్య ప్రతిబింబ స్థానంలో తేడా 0.002 మి.మీ. లోపే. అందుచేత దూరపు వస్తువులన్నీ ఒకేసారి స్పష్టంగా కనబడతాయి. కాని ఆ దూరంలో జింక ఒక చుక్కగానే మిగులుతుంది.

చూపును ముందే నిలిపిన రోజులు

1878లో అమెరికాలోని పాలో ఆల్టో వద్ద ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుఱ్ఱాన్ని వరుసగా 12 కేమెరాలతో ఫోటో తీశాడు. గుఱ్ఱం పరుగులో నాలుగు కాళ్ళూ ఒక క్షణం నేలను వదలుతాయని ఆ చిత్రాలు నిరూపించినవి. ఈ కథ పాఠ్యపుస్తకాలలో కూడా కనబడుతుంది. కాని ఒక విషయం సామాన్యంగా ఎవరూ గమనించరు. గుఱ్ఱం కేమెరాల ముందు అడ్డంగా, నిర్ణయించిన బాటమీద పరుగెత్తినది. దూరం ముందే తెలుసు. కనుక మైబ్రిడ్జ్ ఎదుర్కొన్న సమస్య కాలానిది గాని దూరానిది కాదు. 1882లో ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు మారే తుపాకి ఆకారంలో ఒక కేమెరా చేసి, సెకనుకు 12 చిత్రాల చొప్పున ఎగిరే పక్షులను తీశాడు. అందులోను కీలకం క్షణాలను విడదీయడమే.

వస్తువు దగ్గరకూ దూరానికీ కదులుతున్నప్పుడు చూపును దాని వెంట నడిపే కళను చలనచిత్రాలవారు వృద్ధి చేశారు. ఈ సందర్భంలో అనంతపురం జిల్లాకు చెందిన ఒక ప్రముఖుని స్మరించవచ్చును. 1912లో తాడిపత్రిలో జన్మించిన కె. వి. రెడ్డి గారు దర్శకత్వం వహించిన 'పాతాళభైరవి' 1951లోను, 'మాయాబజార్' 1957లోను వెలువడినవి. రెండింటికీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. ఆ కాలపు స్టూడియోలలో ఛాయాగ్రాహకునికి తోడుగా ఒక సహాయకుడుండేవాడు. నటుడు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగుతాడో టేపుతో కొలిచి, నేలమీద గుర్తులు పెట్టి, నడక సాగుతున్నంతసేపూ కటకపు వలయాన్ని చేతితో తిప్పడం అతని పని. ఇప్పటికీ పెద్ద చిత్రాలలో ఈ పని మనుషులే చేస్తున్నారు.

ఈ పద్ధతి ఫలించడానికి కారణం నటుడు వెళ్ళబోయే చోటు ముందే తెలియడం. నటుడు గుర్తు దగ్గర ఆగుతాడు. జింకకు గుర్తులు పెట్టలేము.

యంత్రానికి చూపు వచ్చిన విధం

యంత్రమే తనంతట తాను దూరాన్ని కనిపెట్టి కటకాన్ని జరపగలదని జర్మనీలోని లైట్జ్ కంపెనీ 1976లో ఫోటోకినా ప్రదర్శనలో చూపినది. మరుసటి సంవత్సరం, 1977లో, జపానుకు చెందిన కోనికా కంపెనీ 'సి35 ఎ.ఎఫ్.' అనే కేమెరాను బజారులోకి తెచ్చినది. జనసామాన్యానికి అందిన మొదటి స్వయంచాలక కేమెరా ఇదే. అందులోని దూరం కనిపెట్టే భాగం అమెరికాలోని హనీవెల్ కంపెనీది. 1978లో పోలరాయిడ్ కంపెనీ గబ్బిలపు విద్యను అనుసరించినది. మన చెవికి వినబడని ధ్వనిని పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని గణించే కేమెరా అది.

ఇవి నిలిచి ఉన్న మనుషులకు బాగుగానే పనికివచ్చినవి. దూరపు కటకాలకు మరింత సూక్ష్మమైన మార్గం కావలసి వచ్చినది. ఆ మార్గాలు రెండు.

మొదటిది స్ఫుటత్వాన్ని చూచే పద్ధతి. చూపు సరిగా కుదిరినప్పుడు చిత్రంలో నలుపు తెలుపుల భేదం అత్యధికంగా ఉంటుంది. కటకాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనుకకు జరిపి ఆ శిఖరాన్ని వెదకవలె. రేడియో మీట తిప్పి స్టేషనును పట్టడం వంటిది. 1981లో వచ్చిన పెంటాక్స్ ఎం.ఈ.ఎఫ్. ఈ పద్ధతినే వాడినది. వస్తువు కదలకుంటే ఇది చాలా నిక్కచ్చిగా పనిచేస్తుంది. వస్తువు కదిలితే వెదకుతూ ఉండగానే శిఖరం జరిగిపోతుంది.

రెండవది మన రెండు కన్నుల వంటి పద్ధతి. కటకపు ఎడమ భాగం గుండా వచ్చిన కాంతిని, కుడి భాగం గుండా వచ్చిన కాంతిని వేరుచేసి, రెండు చిన్న కాంతి సంవేదకాల వరుసలమీద పడనిస్తారు. చూపు సరిగా ఉంటే ఆ రెండు బింబాల మధ్య నిర్ణీతమైన ఎడం ఉంటుంది. అది తగ్గితే చూపు ఒక దిక్కుకు తప్పినట్లు, పెరిగితే రెండవ దిక్కుకు తప్పినట్లు. ఏ దిక్కుకు, ఎంత జరగవలెనో ఒక్క కొలతతోనే తెలుస్తుంది. వెదకవలసిన పని లేదు. 1985లో మినోల్టా కంపెనీ తన '7000' కేమెరాలో ఈ పద్ధతిని, మోటారును కేమెరా లోపలనే అమర్చి, విజయవంతంగా ప్రవేశపెట్టినది. 1987లో కెనాన్ కంపెనీ తన ఈ.ఓ.ఎస్. కేమెరాలలో మోటారును ప్రతి కటకంలోనూ పెట్టినది.

ఈ విద్య ఎంత విలువైనదో న్యాయస్థానంలో కూడా తేలినది. తమ పేటెంట్లను అతిక్రమించినదని హనీవెల్ వారు మినోల్టాపై దావా వేశారు. 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకొన్నది.

రాబోయే చోటును లెక్కించడం

ఇంత జరిగినా జింక చిక్కలేదు. ఎందుకో చూడండి. ఆనాటి కేమెరాలలో మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేవవలె, ఆ తరువాత తెర తెరుచుకోవలె. ఈ మధ్య కాలంలో సంవేదకాలకు వెలుగు అందదు. యంత్రం కళ్ళు మూసుకున్నట్లే. ఈ ఆలస్యం సెకనులో పదవ వంతు అనుకుందాము. ఆ లోపల మన జింక 1.5 మీటరు ముందుకు వస్తుంది. 20 మీటర్ల వద్ద కుదిరిన చూపు, జింక 18.5 మీటర్ల వద్ద ఉన్నప్పుడు ఫిల్మును చేరుతుంది. ప్రతిబింబం 0.68 మి.మీ. తప్పుతుంది. కటకపు ద్వారం ఎఫ్/5.6 అయితే ఒక్కొక్క బిందువు 0.12 మి.మీ. వ్యాసం గల మచ్చగా వ్యాపిస్తుంది. 35 మి.మీ. ఫిల్ముకు 0.03 మి.మీ. వరకు సహించవచ్చునని వాడుక. ఇది నాలుగు రెట్లు.

కనుక ఇప్పుడున్న చోటును కొలిస్తే చాలదు. తెర తెరుచుకొనే క్షణానికి ఉండబోయే చోటును గణించవలె. 1988లో వచ్చిన మినోల్టా '7000ఐ' అట్టి గణన చేయగల కేమెరాగా పేరు పొందినది. ఆ కాలంలోనే ఇతర కంపెనీలు కూడా ఇదే దారి పట్టినవి. కొన్ని కొలతలను వరుసగా తీసుకొని, వాటిని బట్టి వేగాన్ని, వేగంలో మార్పును అంచనా కట్టి, కటకాన్ని ముందుగానే అక్కడికి చేర్చడం దీని పని. ఆకాశంలో గ్రహం రేపు ఎక్కడ కనబడునో నిన్న మొన్నటి స్థానాలను బట్టి పంచాంగకర్త లెక్క కట్టడం వంటిదే. భేదమేమనగా, గ్రహం మనసు మార్చుకోదు. జింక మార్చుకొంటుంది.

తరువాతి చరిత్ర క్లుప్తంగా చెప్పవచ్చును. 2013లో కెనాన్ వారు చిత్రాన్ని గ్రహించే ఫలకంలోని ప్రతి కణాన్నీ రెండుగా విభజించి, రెండు కన్నుల పద్ధతిని ఆ ఫలకంలోనే ఇమిడ్చారు. అద్దం లేని కేమెరాలు రావడంతో యంత్రం కళ్ళు మూసుకొనే వ్యవధి చాలా తగ్గినది. 2019లో సోనీ జంతువుల కళ్ళను, 2020లో కెనాన్ పక్షులను సైతం గుర్తించే కేమెరాలను అందించినవి. లెక్కలేనన్ని ఫోటోలను చూపి యంత్రానికి నేర్పిన విద్య ఇది.

ఏ పద్ధతి, ఎప్పుడు?

కేమెరాలో సామాన్యంగా మూడు పద్ధతులుంటాయి. కంపెనీని బట్టి పేర్లు మారుతాయి గాని సారం ఒక్కటే.

ఏకవార పద్ధతి: మీట సగం నొక్కగానే చూపు ఒకసారి కుదిరి, అక్కడనే నిలిచిపోతుంది. శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడకముందు అనంతపురం జిల్లాలోనే ఉండిన వీరాపురం గ్రామానికి యేటా పెయింటెడ్ స్టార్క్ అనే పెద్ద కొంగలు వచ్చి, ఊరి చెట్లమీద గూళ్ళు కట్టుకొంటాయి. గూటిలో కూర్చున్న కొంగకు ఈ పద్ధతి తగినది.

నిరంతర పద్ధతి: మీట నొక్కి ఉంచినంతసేపూ కొలత, గణన, కటకం జరగడం సాగుతూనే ఉంటాయి. అదే కొంగ రెక్కలు విప్పి చెరువు వైపు లేచినప్పుడు, గుంతకల్లు, ఉరవకొండ ప్రాంతాల పొలాలలో కృష్ణజింకలు పరుగెత్తునప్పుడు ఇదే కావలె. లోగడ చెప్పిన లెక్కను గుర్తుంచుకోండి. జంతువు సూటిగా మన వైపు వస్తున్నప్పుడు ఈ పద్ధతి అవసరం అత్యధికం. అడ్డంగా పోతున్నప్పుడు తక్కువ.

మిశ్రమ పద్ధతి: వస్తువు నిలిచి ఉన్నదో కదులుతున్నదో కేమెరాయే నిర్ణయించుకొని మారుతుంది. వినడానికి ఇది అన్నిటిలో ఉత్తమమని తోస్తుంది. కాని మార్పును గుర్తించడానికే కొంత కాలం కావలె. కదలక నిలబడి చెవులు రిక్కించిన జింక ఒక్కసారిగా గెంతినప్పుడు ఆ కొంత కాలమే విలువైనది. జంతువు కదలవచ్చునని తెలిసినప్పుడు మొదటి నుండి నిరంతర పద్ధతినే ఎన్నుకోవడం మంచిది.

పద్ధతి తరువాత, చిత్రంలో ఏ భాగాన్ని చూడవలెనో కూడా చెప్పవలె. ఖాళీ ఆకాశంలో కొంగ ఎగురుతుంటే విశాలమైన భాగాన్ని ఇవ్వవచ్చును. అక్కడ కేమెరాను మభ్యపెట్టే వస్తువు వేరొకటి లేదు. కొమ్మల నడుమ ఉంటే ఒక్క బిందువునే ఎన్నుకోవలె, లేకుంటే ముందున్న కొమ్మమీద చూపు పడుతుంది. పొలంలో పరుగెత్తే జింకకు కొన్ని బిందువుల చిన్న గుంపు అనుకూలం.

మన మెట్టభూములలో ఇంకొక చిక్కు కంపచెట్లు. జింక పరుగులో ఒక కంపచెట్టు అరక్షణం అడ్డు వస్తుంది. కేమెరా వెంటనే ఆ చెట్టు మీదకు దూకితే జింక పోయినట్లే. కొత్త వస్తువు అడ్డు వచ్చినప్పుడు ఎంత త్వరగా దానివైపు మళ్ళవలెనో నిర్ణయించే అమరిక చాలా కేమెరాలలో ఉన్నది. ఇటువంటి చోట దానిని మందంగా ఉంచవలె.

ఏ పద్ధతీ జయించలేని శత్రువు ఒకటి ఉన్నది. అది మిట్టమధ్యాహ్నపు ఎండ. సంవత్సరానికి సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో నేల కాగి, నేలనంటిన గాలి వేడెక్కి, పొరలు పొరలుగా లేస్తుంది. వేడిగాలికీ చల్లగాలికీ వక్రీభవన గుణకంలో భేదం ఉండటం వల్ల కాంతికిరణాలు వణుకుతాయి. ఎండమావులను పుట్టించేది కూడా వేడి పొరల ఈ వక్రీభవనమే. బింబమే వణికేటప్పుడు కొలత ఎట్లా నిలుస్తుంది? తెల్లవారుజామున వెళ్ళడమే దీనికి మందు.

వాహనంతో జింకను తరిమి ఫోటో తీయడం మాత్రం ఎన్నటికీ తగదు. కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ పొందినది. చట్టం మాట అట్లుంచి, భయంతో పరుగెత్తే జంతువు చిత్రం దాని సహజ జీవితాన్ని గూర్చి మనకేమీ చెప్పదు.

వేచి ఉండే కేమెరా

కలివికోడి కథలో మిగిలిన భాగం ఇక్కడ చెప్పవలె. 1986 తరువాత ఆ పక్షి ఎక్కడెక్కడ ఉన్నదో తెలుసుకోవడం శాస్త్రజ్ఞులకు పెద్ద సమస్య అయినది. రాత్రి సంచారి, పిరికిది, పొదలలో మాయమయ్యేది. దాని వెంట కటకాన్ని పరుగెత్తించడం వృథా. జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వేరొక మార్గం తొక్కారు. నేలమీద మెత్తని మట్టి పట్టీలు పరచి అడుగుజాడలను పరిశీలించారు. జంతువు ముందుకు రాగానే తమంతట తామే పనిచేసే కేమెరాలను అమర్చారు. ఈ పరిశోధన 2002లో ప్రకటితమైనది. ఇక్కడ మీట నొక్కే మనిషి లేడు, పక్షిని వెంటాడే కటకమూ లేదు. కేమెరా ఒకచోట కాచుకొని ఉంటుంది, పక్షియే దాని ముందుకు రావలె. మైబ్రిడ్జ్ గుఱ్ఱపు బాట, స్టూడియోలో నేలమీది గుర్తు మళ్ళీ పనికివచ్చినవన్నమాట.

ఇటువంటి ఆధారాల ఫలం కాగితానికే పరిమితం కాలేదు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి నివసించే పొదలలోకి చొచ్చుకొనిపోయినప్పుడు, అక్కడ పక్షి ఉన్నదని చూపగలిగినందువల్లనే కాలువ దారిని మార్చవలసి వచ్చినది. పొదలు, గడ్డి, రాళ్ళు ఉన్న నేలను లెక్కలలో బంజరు అని వ్రాయడం సులభం. అక్కడ బ్రతికేవి చిన్నవి, వేగమైనవి, మనిషికి కనబడనివి. అవి ఉన్నవని చెప్పే సాక్ష్యం లేనప్పుడు ఆ నేల పక్షాన వాదించేవారుండరు. కాంప్‌బెల్ వ్రాసిన మాట ఒక్కటే అనంతపురానికి మిగిలినది. ఆ మాటతో పాటు ఒక చిత్రం, అది దొరికిన చోటు గుర్తు కూడా ఉండి ఉంటే, 86 సంవత్సరాల వెదకులాట కొంత తగ్గి ఉండేదేమో.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

కేమెరా లేని పాఠశాలలో కూడా ఈ విషయాన్ని చక్కగా బోధించవచ్చును. 20 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకం, ఒక కొవ్వొత్తి, ఒక తెల్లని అట్ట, ఒక మీటరు బద్ద చాలు. కొవ్వొత్తిని 100 సెం.మీ. దూరంలో ఉంచితే ప్రతిబింబం 25 సెం.మీ. వద్ద ఏర్పడుతుంది. 90 సెం.మీ.కు తెస్తే 25.7 వద్దకు పోతుంది. కొవ్వొత్తి 10 సెం.మీ. జరిగినా అట్ట ఒక సెంటీమీటరైనా జరగలేదు. ఇప్పుడు కొవ్వొత్తిని 40 సెం.మీ. వద్ద ఉంచండి, అట్ట కూడా 40 వద్దనే ఉంటుంది. దానిని 35కు తెండి, అట్ట 46.7కు పోవలె. 5 సెం.మీ. కదలికకు 6.7 సెం.మీ. జరుగుడు.

ఒక విద్యార్థి కొవ్వొత్తిని సమవేగంతో కటకం వైపు మెల్లగా జరుపుతుండగా, మరొక విద్యార్థి ప్రతిబింబం చెదరకుండా అట్టను జరపడానికి ప్రయత్నించవలె. మొదట అతనికి పని తేలికగా ఉంటుంది. కొవ్వొత్తి 40 సెం.మీ.కు చేరేసరికి చేయి వెనుకబడుతుంది. అప్పుడు కొవ్వొత్తి తరువాతి క్షణంలో ఎక్కడుండునో ముందే ఊహించి అట్టను అక్కడకు చేర్చమని చెప్పండి. రెండు మూడు సార్లు చేయగానే చేయి కుదురుతుంది. కొవ్వొత్తి దూరాలను, అట్ట దూరాలను పట్టికగా వ్రాసి గ్రాఫు గీయిస్తే, దగ్గరకు వచ్చినకొద్దీ వక్రరేఖ నిట్టనిలువుగా లేవడం విద్యార్థులే చూస్తారు.